సున్నం పడ్డ కన్ను, స్టెమ్ సెల్ ఆపరేషన్ - నా అనుభవం

మాది పిడుగురాళ్ల. సున్నం గురించి మాకు ఇంకొకళ్ళు చెప్పక్కర్లేదు, ఊరి చుట్టూ బట్టీలే, రోడ్డు పక్కన చెట్ల ఆకులు కూడా తెల్లగా ఉంటాయి, చిన్నప్పటి నుంచి ఆ దుమ్ములోనే పెరిగాం. అలాంటి ఊళ్ళో పుట్టి కూడా కంట్లో సున్నం పడితే మొదటి ఐదు నిమిషాల్లో ఏం చెయ్యాలో మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు, నాకూ తెలియదు. ఆ తెలియకపోవడం వల్ల రెండేళ్ళ పైన కుడి కన్ను పోయినట్టే బతికా. బాగున్న కంట్లోంచి చిన్న ముక్క తీసి పాడైన కంట్లో నాటే ఆపరేషన్ తో అది కొంత తిరిగొచ్చింది. ఈమధ్య తెలిసినవాళ్ళు, వాళ్ళకు తెలిసినవాళ్ళు ఫోన్ చేసి దాని గురించి అడుగుతున్నారు, అందరూ అడిగేది ఒకటే, "మంచి కంట్లోంచి ముక్క తీస్తారంట కదా, దానికేం కాదా?" అని. నేను కూడా అప్పుడు అదే అడిగా, అదే భయంతో రెండు నెలలు వాయిదా వేశా. అందుకే మొదటి నుంచి రాస్తున్నా, కొంచెం పెద్దదే అవుద్ది.

2019 సంక్రాంతికి ముందు. ఇంటికి వెల్ల వేద్దామని నాన్న రాళ్ళ సున్నం తెచ్చి పెరట్లో డ్రమ్ములో వేసి నీళ్ళు పోశాడు. రాళ్ళ సున్నానికి నీళ్ళు తగిలితే పొయ్యి మీద పెట్టినట్టు కుతకుత ఉడుకుతుంది, చూసినవాళ్ళకు తెలుసు. ఉడకడం ఆగిపోయిందనుకుని నేను వంగి కర్రతో కలుపుతున్నా, అడుగున ఇంకా విరగని రాయి ఒకటి ఉన్నట్టుంది, ఒక్కసారి బుడగలాగా పైకి ఎగజిమ్మింది, సగం చెంప మీద పడింది, మిగతాది కుడి కంట్లో. మంట అని చెప్తే సరిపోదు. రెప్ప దానంతట అదే బిగుసుకుపోయింది, ఎంత తెరుద్దామన్నా రాలా.

అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. పక్కింటాయన "నీళ్ళు పొయ్యొద్దు, సున్నానికి నీళ్ళు తగిలితే ఇంకా ఉడుకుద్ది" అని ఆపాడు. ఆయన మంచికే చెప్పాడు, మా ఊళ్ళో సున్నం గురించి అందరికీ తెలిసిన విషయమే అది, అందుకే అందరం నమ్మాం. తడిగుడ్డతో పైపైన తుడిచారు, నాయనమ్మ కొబ్బరినూనె వేసింది. దగ్గర్లో ఉన్న క్లినిక్ కి తీసుకెళ్ళారు, అక్కడ కంట్లో చుక్కలు వేసి, పైన దూది పెట్టి కట్టు కట్టి పంపించారు. రెప్ప తిప్పి చూడలేదు.

రెండు రోజులకు నొప్పి తగ్గకపోతే గుంటూరు వెళ్ళాం. అక్కడ డాక్టర్ పై రెప్పని తిప్పి చూస్తే లోపల మడతలో సున్నం ముక్కలు ఇంకా ఉన్నాయి, పెరుగు మీగడలాగా అతుక్కుని. రెండు రోజులు ఆ సున్నం లోపలే ఉండి కాలుస్తూనే ఉంది. దూది పుల్లతో ఒక్కొక్కటీ తీసి సెలైన్ తో చాలాసేపు కడిగారు. తర్వాత హైదరాబాద్ లో ఒక డాక్టర్ మేడం వివరంగా చెప్పారు. డ్రమ్ములో సున్నం అప్పటికే నీళ్ళు తాగేసి ఉంది, ఇంకా ఉడకడానికి ఏం లేదు. ఒకవేళ పొడి సున్నమే పడినా పైన ఉన్న పొడిని దులిపేసి వెంటనే ధారగా నీళ్ళు పోస్తూనే ఉండాలి, చెంబుడు కాదు బిందెలు బిందెలు, అరగంట అయినా సరే, ఎక్కువ నీళ్ళైతే వేడిని కూడా లాక్కుపోతాయి. కుళాయి నీళ్ళైనా పర్లేదు, ఆసుపత్రికి తర్వాత పరిగెత్తొచ్చు, ముందు నీళ్ళు. యాసిడ్ పడితే పైపొర గడ్డకట్టి అదే కొంత అడ్డం పడుద్దంట, సున్నం లాంటి క్షారం అలా కాదు, కణాల పైన ఉండే కొవ్వుని సబ్బు చేసినట్టు కరిగించుకుంటూ లోపలికి పోతుంది. నేను రాసేదంతా చదవకపోయినా ఈ పేరా ఒక్కటి చదివి ఇంట్లో చెప్పండి, ముఖ్యంగా కిళ్ళీలోకి వాడే సున్నం ప్యాకెట్లు, ట్యూబులు పిల్లలకు అందే చోట పెట్టేవాళ్ళు. పిల్లలు వాటిని నొక్కి ఆడుకుంటుంటే పగిలి సరాసరి కంట్లో పడుతుంది, మన దేశంలో చిన్నపిల్లల కళ్ళు కాలడానికి ఇదొక పెద్ద కారణం.

తర్వాత ఆరు నెలలు కన్ను ఎర్రగానే ఉంది. మెల్లగా తెల్లగుడ్డు మీద నుంచి ఎర్రటి నరాలతో ఒక పొర నల్లగుడ్డు మీదకు పాకడం మొదలైంది, అద్దంలో చూసుకుంటే రోజురోజుకీ కొంచెం కొంచెం లోపలికి వస్తున్నట్టు తెలిసేది. చివరికి నల్లగుడ్డంతా కప్పేసింది. ముఖం ముందు చెయ్యి ఊపితే నీడ కదిలినట్టు తెలిసేది, అంతే.

ఆ సంవత్సరం నవంబర్ లో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో కార్నియా మార్పిడి చేశారు, కార్నియా అంటే నల్లగుడ్డు ముందు అద్దంలాగా ఉండే భాగం, చనిపోయినవాళ్ళు దానం చేసినది పెట్టారు. పేరు రాయను, ఎందుకంటే వాళ్ళ మీద కోపంతో రాస్తున్నది కాదు ఇది. కట్టు తీసిన మొదటి నెల అద్భుతం, గోడ మీద క్యాలెండర్ లో అంకెలు కనపడ్డాయి, ఇంట్లో అందరం ఏడ్చాం. మూడో నెల నుంచి మళ్ళీ మసక, మళ్ళీ అవే నరాలు పాకడం, ఈలోపు కరోనా లాక్ డౌన్, బస్సులు లేవు, చెకప్ లు లేవు, 2020 వేసవి అయ్యేసరికి కొత్త కార్నియా మీద కూడా అదే పొర కప్పేసింది. ఎవరో మహానుభావుడి కన్ను నాకిస్తే అది కూడా పోగొట్టుకున్నా అనే బాధ అసలు పోలేదు, అప్పటికి నా కన్ను పోయిందన్న బాధ కన్నా అదే ఎక్కువగా ఉండేది.

మా పిన్ని వాళ్ళు మెహదీపట్నంలో ఉంటారు, వాళ్ళ పోరు పడలేక 2021 జనవరిలో హైదరాబాద్ వెళ్ళాం. దాచేపల్లి, వాడపల్లి, మిర్యాలగూడ, నల్గొండ, నార్కట్ పల్లి మీదుగా బస్సులో, మాస్కులు పెట్టుకుని, అమ్మా నేనూ. బంజారాహిల్స్ లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి. పొద్దున వెళ్తే సాయంత్రం దాకా పట్టింది, అన్నీ ఒక్కరోజే చూశారు. కంటి చివర లిట్మస్ పేపర్ లాంటి చిన్న కాగితం ముక్క ఐదు నిమిషాలు పెట్టి కన్నీళ్ళు ఎంత వస్తున్నాయో చూశారు, కన్ను మరీ ఎండిపోయి ఉంటే ఈ ఆపరేషన్ నిలబడదంట. కంటి ప్రెషర్ చూశారు. ముందు భాగం మసక కాబట్టి వెనక రెటీనా బాగుందో లేదో తెలియదు కదా, దానికి రెప్ప మీద స్కానింగ్ చేశారు. రంగు కాగితం కంట్లో తాకించి నీలం లైట్ వేసి చూశారు. ఎడమ కన్ను అంటే బాగున్న కన్నుని కూడా అంతసేపూ చూశారు, అదెందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

చివర్లో మేడం కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. నల్లగుడ్డు పైన ఉండే సన్నటి పొర ఎప్పటికీ అదే ఉండదు, రోజూ అరిగి రాలిపోతూ ఉంటుంది, వారం పది రోజుల్లో పాతది పోయి కొత్తది వస్తుంది. ఆ కొత్త కణాలు ఎక్కడి నుంచి వస్తాయి అంటే నల్లగుడ్డుకీ తెల్లగుడ్డుకీ మధ్య గుండ్రంగా ఉండే అంచు నుంచి, దాన్ని లింబస్ అంటారు, స్టెమ్ సెల్స్ అంటే మూలకణాలు అక్కడే ఉంటాయి. ఆ అంచు ఇంకో పని కూడా చేస్తుంది, తెల్లగుడ్డు మీద ఉండే నరాల పొర లోపలికి రాకుండా ఆపుతుంది. నాకు సున్నం ఆ అంచుని చుట్టూరా కాల్చేసింది. కొత్త పొర వెయ్యడానికి కణాలు లేవు, పక్క పొరని ఆపడానికి అడ్డు లేదు. మొదటిసారి పెట్టిన కార్నియా మంచిదే, కానీ కార్నియా మారిస్తే అద్దం మారుతుంది గానీ అంచు రాదు, అంచు లేకుండా ఎన్నిసార్లు మార్చినా ఇంతే.

నేను ఇంకా అర్థం చేసుకునే పనిలో ఉన్నా. అమ్మ మాత్రం వెంటనే అంది, "అంటే నారుమడి కాలిపోయిందమ్మా వీడికి, గట్టు కూడా తెగింది, అందుకే తుంగ లోపలికొచ్చింది." అమ్మ సాగర్ కాలవ కింద ముప్పై ఏళ్ళు నాట్లకు వెళ్ళింది. మేడం పెన్ను పక్కన పెట్టి అమ్మ వైపు చూసి "అంతేనమ్మా, ఇప్పుడు ఎడమ కంటి నారుమడిలో చిటికెడు నారు తీసి కుడి కంట్లో నాటాలి" అన్నారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో దీనికి ఆపరేషన్ అనే పేరు పోయింది, నాట్లు అనే పేరు వచ్చింది, నిజంగానే ఇంతకంటే సరిగ్గా ఎవరూ చెప్పలేరు.

ఆ ఎడమ కన్ను అనే మాట దగ్గరే నేను ఆగిపోయా. ఉన్నదే ఒక్క కన్ను. ఇంటికొచ్చాక మావయ్య గట్టిగా చెప్పాడు, "ఒక కన్ను పోయింది, రెండోది కూడా వాళ్ళ చేతిలో పెడతావా, పెళ్ళి కావాల్సినోడివి" అని. నాన్న ఏం మాట్లాడలేదు, నాన్న ఆ డ్రమ్ము రోజు నుంచే ఈ విషయంలో ఏం మాట్లాడడు. అమ్మైతే మళ్ళీ ఫోన్ చేయించి "నా కంట్లోది తీసుకోండి, వాడిది వద్దు" అని అడిగింది. రక్తసంబంధీకుల నుంచి తీసి పెట్టడం కూడా ఉంటుందంట, రెండు కళ్ళూ పాడైనవాళ్ళకు అదొక దారి, చనిపోయినవాళ్ళ కంటి అంచు ఇంకో దారి. కానీ అప్పుడు ఒళ్ళు దాన్ని పరాయిదిగా చూసి తోసెయ్యకుండా రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు చాలాకాలం వాడాలి, వాటితో వచ్చే ఇబ్బందులు వేరే. సొంత కణాలైతే ఆ మందుల గొడవే ఉండదు. ఒక కన్ను బాగున్న మనిషికి అమ్మ కన్ను అవసరం లేదన్నారు.

ఎంత తీస్తారు అని అడిగా. 2 మిల్లీమీటర్లు. లింబస్ చుట్టుకొలత మొత్తం 36, 37 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, గడియారంలాగా అనుకుంటే ఒక గంట అంత భాగం కూడా కాదు. అది కూడా పై రెప్ప కింద దాక్కునే చోట తీస్తారు. ఆ లెక్క విన్నాక కొంచెం ధైర్యం వచ్చింది, కానీ ఎక్కువ ధైర్యం ఇచ్చింది మేడం చెప్పిన ఇంకో మాట. నలుగురిలో ఒకరికి ఇది నిలబడకపోవచ్చు అని ముందే చెప్పారు. వాళ్ళే 125 మందికి చేసిన దాని ఫలితాలు 2016లో ప్రచురిస్తే 76 శాతం మందికి పొర నిలబడింది, ఆ 125 మందిలో పిల్లలు 60 మంది. పోయినసారి ఎవరూ ఇలా ముందే చెప్పలేదు, తప్పకుండా వస్తుంది అన్నారు. నిజం చెప్పేవాళ్ళ చేతిలో పెట్టొచ్చు అనిపించింది నాకు.

ఈ పద్ధతి పేరు స్లెట్, సింపుల్ లింబల్ ఎపిథీలియల్ ట్రాన్స్ ప్లాంటేషన్ అనే ఇంగ్లీషు పేరుకి పొట్టి పేరు. దీని గురించి ఆ రెండు నెలలూ ఫోన్ లో ఒంటి కన్నుతో చదివినంత నేను డిగ్రీలో కూడా చదవలేదు. పుట్టింది హైదరాబాద్ లోనే, ఆ ఆసుపత్రిలోనే, డాక్టర్ వీరేందర్ సంగ్వాన్, డాక్టర్ సయన్ బసు, ప్రొఫెసర్ బాలసుబ్రమణియన్, ఇంగ్లండ్ లో షెఫీల్డ్ యూనివర్సిటీ షీలా మెక్నీల్ కలిసి 2012లో మొదటి ఆరుగురు పేషెంట్ల ఫలితాలు ప్రచురించారు. దానికి ముందు కథ చర్మం దగ్గర మొదలవుద్ది. 1975లో అమెరికాలో హోవర్డ్ గ్రీన్, జేమ్స్ రైన్వాల్డ్ అనే ఇద్దరు మనిషి చర్మ కణాల్ని ల్యాబ్ లో గిన్నెలో పెంచడం సాధించారు. 1983లో ఒళ్ళు 95 శాతానికి పైగా కాలిపోయిన ఇద్దరు చిన్నపిల్లలు, అన్నదమ్ములు, వాళ్ళకు మిగిలిన కాస్త చర్మం నుంచి ముక్క తీసి ల్యాబ్ లో షీట్లు షీట్లుగా పెంచి మళ్ళీ వాళ్ళ ఒంటికే అతికించి బతికించారు. ఇది చదివినప్పుడు నాకు వెన్నులో జలదరింపు వచ్చింది, ఎందుకంటే బట్టీల్లో కాలినవాళ్ళని చూశా, అంత కాలితే బతకడమనేది మేము ఎప్పుడూ వినలేదు.

అదే విద్యని కంటికి తెచ్చింది ఇటలీవాళ్ళు, గ్రాజియెల్లా పెల్లెగ్రీని, మికేలే డి లూకా. 1997లో మంచి కంటి నుంచి 1 చదరపు మిల్లీమీటర్ ముక్క తీసి, ల్యాబ్ లో పెంచి, నాలాగే క్షారంతో కాలిన ఇద్దరికి పెట్టారు. 2015లో యూరప్ లో దానికి మందుగా అనుమతి కూడా వచ్చింది, హోలోక్లార్ అని. ఇదే డి లూకా వాళ్ళు అదే 2015లో జర్మనీలో ఒక సిరియా బాబుకి, పుట్టుకతో చర్మం ఊడిపోయే జబ్బు ఉన్నవాడికి, జన్యువు సరిచేసిన అతని కణాలతోనే ఒంటి చర్మంలో 80 శాతం దాకా కొత్తగా పెంచి పెట్టారు. హైదరాబాద్ లో కూడా 2001 నుంచి ల్యాబ్ పద్ధతి చేశారు, డాక్టర్ గీతా వేముగంటి లాంటివాళ్ళు ఆ కణాల పెంపకంలో పనిచేశారు, జంతువుల పదార్థాలు కలపకుండా. కానీ అలాంటి ల్యాబ్ పెట్టడం, నడపడం ఎంత ఖర్చు, ఎంత శుభ్రత, ఎన్ని అనుమతులు. అప్పుడు వచ్చిన ఆలోచనే స్లెట్. గిన్నెలో పెంచడం ఎందుకు, ఆ కన్నే గిన్నె, అక్కడే పెరగనిద్దాం అని. ఇంత పెద్ద సంగతిని ఇంత తేలిక చేసినవాళ్ళకు నేను దణ్ణం పెడతా, ఎందుకంటే ల్యాబ్ ఉంటేనే అయ్యే వైద్యం అయితే పిడుగురాళ్ల నుంచి వెళ్ళిన నాలాంటివాడి దాకా అది వచ్చేదో లేదో.

మార్చిలో ఆపరేషన్. పిల్లలకైతే పూర్తి మత్తు ఇస్తారు, నాకు కంటి పక్కన ఇంజెక్షన్ ఇచ్చి కన్ను మాత్రమే మొద్దుబారేలా చేశారు, మెలకువగానే ఉన్నా. ముందు ఎడమ కన్ను. పైన లైట్ తెల్లగా చెరువంత వెడల్పుగా కనపడుతోంది, నొప్పి లేదు, ఏదో లాగుతున్నట్టు మాత్రం తెలుస్తోంది. నేను మనసులో అంకెలు లెక్కపెడుతున్నా, రెండు వందలు దాటకముందే "ఈ కన్ను అయిపోయింది" అన్నారు. రెండు నెలలు నిద్ర పట్టనివ్వని భాగం అంత తొందరగా అయిపోయింది.

కుడి కన్నుకే ఎక్కువసేపు పట్టింది. ముందు నల్లగుడ్డు మీద కప్పిన పొరనంతా వలిచేశారు, అమ్మ భాషలో కలుపు తీయడం, నెత్తురు ఆపుతూ ఓపిగ్గా చెయ్యాలి. తర్వాత దాని మీద ఒక పల్చటి పొర పరిచారు, అది ఉమ్మనీటి సంచి పొర, అమ్నియాటిక్ మెంబ్రేన్ అంటారు. సిజేరియన్ కాన్పు అయిన తల్లి ఒప్పుకుంటే మాయ నుంచి ఆ పొర తీసి, హెచ్ఐవీ, కామెర్ల లాంటి టెస్టులన్నీ చేసి, గడ్డకట్టే చలిలో దాచిపెడతారు. వాపు తగ్గించే గుణం దానికి ఉంది, కణాలు దాని మీద బాగా పాకుతాయి, ఇది దమ్ము చేసిన మడి అనుకోండి. కుట్లు కూడా లేవు, ఫైబ్రిన్ జిగురు, మన రక్తం గడ్డకట్టేటప్పుడు ఏ పదార్థం పనిచేస్తుందో దాంతోనే తయారయ్యేది. ఎడమ కంటి నుంచి తీసిన ఆ 2 మిల్లీమీటర్ల ముక్కని కత్తెరతో ఎనిమిదో పదో ముక్కలు చేసి, సరిగ్గా మధ్యలో చూపు పోయే చోటు వదిలేసి, చుట్టూ గుండ్రంగా ఒక్కొక్కటీ నాటారు. ఏ ముక్కా తిరగబడకూడదు, పై వైపు పైకే ఉండాలి. ఒక్కో ముక్క మీద జిగురు చుక్క. అంతా అయ్యాక పైన మెత్తటి కాంటాక్ట్ లెన్స్ పెట్టారు, చూపు కోసం కాదు, రెప్ప కొట్టినప్పుడు ఆ ముక్కలు రాసుకుపోకుండా.

ఆ సాయంత్రం కొన్ని గంటలు రెండు కళ్ళకూ కట్టు. నేను చెప్పే మాట ఆపరేషన్ కి వెళ్ళేవాళ్ళు ముందే తెలుసుకోవాలి, నొప్పికి కాదు, ఆ కొన్ని గంటల చీకటికి సిద్ధపడి వెళ్ళండి. అమ్మ పక్కనే కూర్చుని నా చెయ్యి పట్టుకుంది, ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు. ఎడమ కంటి కట్టు తీశాక మొట్టమొదట కనపడింది అమ్మ చేతి గాజులు, స్పష్టంగా, ఎప్పటిలాగానే. కన్ను కాస్త ఎర్రగా, ఇసుక పడినట్టు గరగరగా ఉంది, నాలుగైదు రోజుల్లో అది కూడా పోయింది.

తర్వాత రోజులు పిన్ని వాళ్ళింట్లో. చుక్కల మందు అనేది ఒక ఉద్యోగం లాంటిది, వాపు తగ్గించే స్టెరాయిడ్ చుక్కలు మొదట్లో రోజుకి ఎనిమిదిసార్లు, వారం వారం తగ్గించుకుంటూ ఆరు వారాలు, యాంటీబయోటిక్ చుక్కలు వేరే, రెండిటికీ మధ్య ఐదు నిమిషాలు ఆగాలి, మా పిన్ని కూతురు గోడకి కాగితం అంటించి వేసినప్పుడల్లా టిక్ పెట్టేది. తలస్నానం లేదు, కన్ను నలపకూడదు, బయటికెళ్తే నల్ల కళ్ళద్దాలు. చుక్కలు మానేసినా, మనంతట మనమే స్టెరాయిడ్ ఎక్కువ రోజులు పొడిగించినా రెండూ ప్రమాదమే, స్టెరాయిడ్ తో కంటి ప్రెషర్ పెరగొచ్చు, అందుకే చెకప్ కి వెళ్ళిన ప్రతిసారీ ప్రెషర్ చూసేవాళ్ళు.

వారం రోజుల చెకప్ లో రంగు వేసి నీలం లైట్ లో చూసి మేడం ఫోటో తీసి స్క్రీన్ మీద చూపించారు. పొర లేని చోట రంగు అంటుకుని పచ్చగా మెరుస్తుంది, పొర వచ్చిన చోట అంటుకోదు. ఒక్కో ముక్క చుట్టూ మెరుపు లేని చిన్న చిన్న గుండ్రాలు, చెరువులో దీవుల్లాగా. రెండో వారం వెళ్తే ఆ గుండ్రాలన్నీ పెద్దవై ఒకదానికొకటి కలిసిపోయాయి, పచ్చ మెరుపు దాదాపు లేదు. "మూన తిరిగింది" అంది అమ్మ ఆ ఫోటో చూసి. నాటిన నారు వేరు పట్టి పచ్చబడితే అలా అంటారు మా వైపు. ఆ రోజే కాంటాక్ట్ లెన్స్ తీసేశారు. కింద పరిచిన ఉమ్మనీటి పొర దానంతట అదే కొన్ని వారాల్లో కరిగిపోయింది. గోరు చివర అంత ఉన్న ముక్క ఒక పూర్తి నల్లగుడ్డుకి కొత్త పొర వేసింది, అది నా ఒంట్లోనే జరిగింది, ఇప్పటికీ తల్చుకుంటే నమ్మకం కలగదు.

చూపు విషయం ఉన్నదున్నట్టు చెప్పాలి. ఈ ఆపరేషన్ పొరని తెస్తుంది, చూపు మొత్తాన్ని కాదు. పొర కింద కార్నియా మందంలో మచ్చ ఉంటే అది అలాగే ఉంటుంది. నాకు మొదటిసారి పెట్టిన కార్నియా మధ్యలో మసక మిగిలింది. ఆపరేషన్ కి ముందు చెయ్యి ఊపితే నీడ తెలిసేది, ఇప్పుడు కళ్ళద్దాలతో 6/36, అంటే మామూలు కన్ను 36 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని నేను 6 మీటర్ల నుంచి చదువుతా. బస్సు నంబర్ దగ్గరికొస్తే తెలుస్తుంది, ఎదుటి మనిషి ఎవరో ముఖం చూసి తెలుస్తుంది, కుడి పక్క నుంచి వచ్చే బండి ఇప్పుడు తెలుస్తుంది, మెట్లు దిగేటప్పుడు భయం తగ్గింది. పొర గట్టిగా నిలబడింది కాబట్టి ఇంకోసారి కార్నియా మార్పిడి చేస్తే ఈసారి నిలబడే అవకాశం ఉందన్నారు. నేను ఇంకా ఒప్పుకోలేదు. మళ్ళీ ఒకరి కన్ను తీసుకోవాలంటే ముందు నేను దానికి సిద్ధంగా ఉండాలి, నా ఎడమ కన్ను బాగా పనిచేస్తోంది, ఆ కార్నియా రెండు కళ్ళూ లేనివాళ్ళకు వెళ్తే బాగుంటుందేమో అని కూడా అనిపిస్తుంది. ఆలోచిస్తున్నా.

ఎవరైనా ఈ ఆపరేషన్ గురించి ఆలోచిస్తుంటే ఒకటి రెండు మాటలు. కన్ను కాలిన వెంటనే చెయ్యరు, ఎరుపు, వాపు పూర్తిగా చల్లారాలి, కొన్ని నెలలు పడుతుంది, తొందరపెట్టొద్దు. ఎవరైనా నేరుగా కార్నియా మార్పిడి అంటే "లింబస్ ఎలా ఉంది, స్టెమ్ సెల్స్ ఉన్నాయా" అని ఒక్క ప్రశ్న అడగండి, నేను అడగలేదు, నాకు అడగాలని తెలియదు. స్టెమ్ సెల్స్ అనే పేరు పెట్టి మోకాలికీ షుగర్ కీ బట్టతలకీ అన్నిటికీ ఇంజెక్షన్ ఇస్తామని చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు, అది ఇదీ ఒకటి కాదు, ఎంతమందికి చేశారు, ఎంతమందికి నిలబడలేదు అని అడిగితే సమాధానం చెప్పేవాళ్ళ దగ్గరికే వెళ్ళండి.

ఊరికి తిరిగొచ్చాక దుమ్ముతో ఇబ్బంది ఉంది, బయటికెళ్తే పక్కలు కూడా మూసి ఉండే కళ్ళద్దాలు పెట్టుకుంటా, రోజూ కన్నీళ్ళ చుక్కలు వేసుకుంటా. ఇంటికి మాత్రం ఇప్పటికీ సున్నమే వేస్తున్నాం, నాన్నే కలుపుతాడు, నన్ను పెరట్లోకి రానివ్వడు, కానీ డ్రమ్ము పక్కన నిండు బిందెలు రెండు పెట్టకుండా రాయి లోపల వెయ్యడు.

పోయిన నెల చెకప్ నుంచి వచ్చిన రాత్రి అమ్మ అడిగింది, "అసలు ఎడమ కంట్లో ఎక్కడ తీశార్రా, నాకు చూపించు" అని. పై రెప్ప ఎత్తి పట్టుకుని కిందకి చూశా, అమ్మ ఫోన్ లైట్ వేసి ఇటు నుంచి ఒకసారి అటు నుంచి ఒకసారి చాలాసేపు వెతికింది. "ఏం కనపడట్లా" అని లైట్ ఆపేసి అన్నం పెట్టడానికి లేచింది.